పట్నం పిల్లోడు, సీమ పల్లె, 1942: యుద్ధకాలపు పిల్లల కథ రాసేవాళ్లకు

పట్నం మీద బాంబులు పడతాయని పిల్లల్ని పల్లెకు తోలేయడం, ఊరి పిల్లలతో మొదట కొట్లాట, తర్వాత స్నేహం, చివరికి ఒక సాహసం. ఇంగ్లండులో ఈ బాపతు పిల్లల కథలు కొల్లలు. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోనూ ఇలాంటి కథ నడపడానికి కావాల్సినంత సరుకుంది. కాకపోతే అక్కడి కథను అట్లే ఎత్తుకొచ్చి ఎర్రగుంట్ల స్టేషన్లో దింపితే రెండో పేజీకే బోర్లా పడుతుంది.

ముందు అక్కడి లెక్క చూడండి. 1939 సెప్టెంబరు 1న, యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందే, పిల్లల తరలింపు మొదలైంది. కొద్ది రోజుల్లోనే దాదాపు 15 లక్షల మంది రైళ్లెక్కారు. బడిపిల్లలు, వాళ్ల టీచర్లు, చంటిబిడ్డల తల్లులు. భుజాన విషవాయువు ముసుగున్న అట్టపెట్టె, కోటుకు పేరు రాసి కట్టిన చీటీ. ఊరి హాల్లో వరసగా నిలబెడితే ఇళ్లవాళ్లు వచ్చి ఏరుకుని పోయారు. ఒంటరి పిల్లాణ్ణి పెట్టుకుంటే వారానికి పదిన్నర షిల్లింగులు, ఒకరికి మించితే తలకు ఎనిమిదిన్నర. ఆ కథల్లోని బిగువంతా ఈ ఏర్పాటులోంచే పుట్టింది. ముక్కూ మొహం తెలియని ఇల్లు, డబ్బు కోసం పెట్టుకున్నారా ప్రేమతోనా అనే అనుమానం, అన్నాచెల్లెళ్లను విడదీస్తారేమోనన్న భయం.

మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. 1942 మార్చి 8న రంగూన్ జపాను చేతికి పోయింది. ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ నెలలో మద్రాసు నుంచి లక్షల్లో జనం కదిలారు. బాంబు పడి బోన్లు విరిగితే ఊరి మీద పడతాయని అక్కడి జంతుశాలలో క్రూరమృగాలను కాల్చి చంపారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖ వదిలి గుంటూరు చేరింది. ఇంత జరిగినా పిల్లలకు చీటీ కట్టి అపరిచితుల ఇళ్లకు పంచిన అధికారి లేడు, తిండిఖర్చు కట్టిన సర్కారూ లేదు. ఎవరి చుట్టాల ఊరికి వాళ్లు పోయారు.

అంటే మన పిల్లోడు దిగేది మేనమామ ఇంట్లో. ఇక్కడ బిగువు వేరే. ‘ఎన్నాళ్లుంటారు’ అని అత్త నోరు తెరిచి అడగలేదు, అడగకుండానూ ఉండలేదు. బర్మా బియ్యం ఆగిపోయింది. గాదెలో జొన్నలు ఎంతున్నాయో ఆమెకు తెలుసు, రైలు దిగిన నాలుగు నోళ్లకు తెలియదు. వరన్నానికి అలవాటుపడ్డ పిల్లోడికి పొద్దున రాగి సంగటి ముద్ద పెడితే మొదటి వారం మింగుడు పడదు. ఈ ఇబ్బందిని నేరుగా చెప్పనక్కర్లేదు. అత్త గిన్నె అడుగు గీకే చప్పుడు చాలు.

రెండో చిక్కు స్నేహానిది. అక్కడి కథల్లో గోడ పట్నానికీ పల్లెకూ, ఉన్నోడికీ లేనోడికీ మధ్య ఉంటుంది. 1942 సీమ పల్లెలో వాటికన్నా ఎత్తయిన గోడ కులం. పిల్లోడు ఏ బావి నీళ్లు తాగుతాడు, ఎవరింటి అరుగు దాకా పోతాడు, ఎవరితో కూర్చుని తింటాడు అన్నవి ముందే తేలిపోయి ఉంటాయి. ఈ సంగతి దాటేసి ‘ఊరి పిల్లలంతా కలిసి’ అని రాస్తే అబద్ధం. పశువులు కాసే పిల్లోడితో మన పట్నం పిల్లోడి దోస్తీ ఊరి బయట, వంకలో, గుట్టల్లో పుట్టాల్సిందే. ఊళ్లోకి వచ్చేసరికి ఆ ఇద్దరూ ఎడంగా నడవాలి. సాహసం ఊరి బయటే ఎందుకు జరుగుతుందన్న ప్రశ్నకు కూడా ఇదే జవాబు, వేరే కారణం వెతకక్కర్లేదు.

ఎక్కువ మంది తప్పేది నెలల దగ్గర. ఇంగ్లండు పిల్లలు సెప్టెంబరులో దిగుతారు. అప్పుడు అక్కడ కోతలు, కంచెల నిండా పండ్లు. మనవాళ్లు దిగేది ఏప్రిల్లో. మెట్టచేలు బోడిగా ఉంటాయి. చెనిక్కాయ విత్తేది వానలు పడ్డాక, జూన్ జూలైల్లో. నల్లరేగడిలో జొన్నకు మంచె కట్టి ఒడిసెలతో పిట్టలు తోలేది చలికాలంలో. కాబట్టి ఏప్రిల్ అధ్యాయంలో పచ్చని చేలూ, నిండిన చెరువూ కనిపిస్తే ఆ పుస్తకాన్ని సీమవాళ్లు అక్కడే మూసేస్తారు. ఏప్రిల్లో ఉండేవి తాటి ముంజలు, రాలిన చింతకాయలు, కోడూరు వైపు మామిడితోటలు, ఎండిన పెన్న.

ఆ ఎండిన పెన్నే మంచి అధ్యాయం. కొళాయి తిప్పడం తప్ప తెలియని పిల్లోడికి చెలమ తీయడం నేర్పండి. ఏటి మలుపులో, ఇసుక తడిగా నల్లగా కనిపించే చోట చేతులతో తోడాలి. గోతి అంచులు నిలువుగా ఉంటే ఇసుక కూలి గుంత పూడుతుంది. అందుకే పైన వెడల్పుగా, అడుగున సన్నగా తీస్తారు. మొదట ఊరే నీళ్లు బురద. వాటిని చిప్పతో తోడి పారబోసి, మళ్లీ ఊరేదాకా ఆగాలి. తొందరపడి మొదటి నీళ్లే తాగినవాడికి కడుపునొప్పి రాదంటే నేను నమ్మను.

ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి ఇంకోటి. రెండెద్దులు, మోకు, తోలు బాన. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చుంటాడు, వాడి బరువు కూడా లాగుడుకు కలుస్తుంది. పిల్లలకు అదే ఉయ్యాల, అదే ప్రమాదం. నిండు బాన పైకి వస్తుండగా మోకు తెగితే ఎద్దులు ముందుకు తూలతాయి, మీద కూర్చున్నవాడు ఎగిరి పడతాడు. బరువంతా మోసే మోకు ఎక్కడ అరిగిందో ముందు అధ్యాయంలోనే ఒకసారి చూపించి ఉంచండి.

దూరాలు కూడా చూసుకోవాలి. మద్రాసు–బొంబాయి లైను మీద రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి వరసగా వస్తాయి. నందలూరులో రైలింజన్ల షెడ్డు ఉండేది. ఇంజన్లో బొగ్గేసే నాయన ఉన్న పిల్లోడు కథకు బాగా పనికొస్తాడు, బాంబుల వార్త పేపరు కన్నా ముందు వాడి చెవిన పడుతుంది. ముద్దనూరు నుంచి గండికోట 26 కిలోమీటర్లు. ఎద్దులబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి పోదు. ‘మధ్యాహ్నం బయల్దేరి కోట చూసి సాయంత్రానికి ఇల్లు చేరారు’ అని రాస్తే ఆ ఎద్దులకు రెక్కలున్నాయని కూడా రాయాలి. పైగా మైలవరం జలాశయం అప్పటికి లేదు, కాబట్టి ఇప్పటి ఫోటోల్లో లోయ అడుగున కనిపించే నీళ్లను నమ్ముకోకండి.

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు వాడుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. 1884లోనే భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు. అయితే మెట్లు, కరెంటు దీపాలు, లోపలికి గాలి పంపే గొట్టాలు అన్నీ ఈ మధ్యవి. 1942లో అవి చేలో పాడుబావుల్లాంటి గుంతలు, దిగాలంటే తాడే దిక్కు. కిరసనాయిలు దొరకడమే గగనం, కనక ఆముదం దివిటీ పట్టుకుపోతారు. ఇరుకు సందుల్లో దాని పొగ నిలిచిపోయి కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు. పిల్లల్ని మొదటి మలుపు దాటనివ్వకపోతేనే నమ్మకంగా ఉంటుంది.

ఇక శత్రువు. అక్కడి కథల్లో గూఢచారి దొరికితే పని అయిపోతుంది, పోలీసు వచ్చి పిల్లల భుజం తడతాడు. మనకు ఆ సుఖం లేదు. 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం, మర్నాటి నుంచి అరెస్టులు, తెగిన టెలిగ్రాఫ్ తీగలు. రాత్రిపూట గుట్టల్లో దాక్కున్న మనిషి జపాను గూఢచారి అని పిల్లలు అనుకుంటారు, తీరా చూస్తే పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న కాంగ్రెస్ మనిషి. పశువుల కాపరి అన్న పట్టాళంలో ఉండొచ్చు, మేనమామ సర్కారు తరఫు గ్రామ మునసబు కావచ్చు. అప్పుడు ఎవరికి చెప్పాలి? నా దృష్టిలో సీమ కథకు నడుమెముక ఇదే. జపాను విమానం ఒక్కటీ కనిపించకపోయినా కథ నిలుస్తుంది.

ఎవరూ వాడుకోని చిన్న కిటుకు ఒకటుంది. 1942 సెప్టెంబరు 1 నుంచి దేశమంతా గడియారాలను గంట ముందుకు జరిపారు. స్టేషన్లో ఆరు అంటే పొద్దు లెక్కన ఐదే. కోడికూతను నమ్ముకుని కబురు మోసుకొచ్చిన పిల్లలకు రైలు తప్పిపోవడానికి ఇంతకన్నా నిజమైన కారణం దొరకదు.

తిరుగు ప్రయాణం దగ్గర మాత్రం ఇంగ్లండు దారే మనకూ సరిపోతుంది. బాంబులు పడకపోయేసరికి అక్కడ చాలామంది నెలల్లోనే ఇళ్లకు పోయారు, 1940 సెప్టెంబరులో లండన్ మీద దాడులు మొదలయ్యాక మళ్లీ పెట్టెలు సర్దారు. మద్రాసు వాళ్లూ మెల్లగా వెనక్కి చేరుకున్నారు, 1943 అక్టోబరులో ఒక జపాను విమానం వచ్చి ఆ ఊరి మీద బాంబులు వేసి పోయింది. నష్టం పెద్దగా లేదు గానీ భయం భయమే. ఆ రాత్రి తర్వాత పిల్లోణ్ణి మళ్లీ సీమ రైలెక్కించవచ్చు. అది చెనిక్కాయ పీకే కాలం. దోస్తు వచ్చాడని పని ఆగదు, వాడి ముందూ ఒక మోపు పడేసి కాయలు తెంపమంటారు.