575 డాలర్ల యూనిక్రాన్: ఎత్తు కొలిచి ధర తేల్చకండి

యూనిక్రాన్ ధర మీద గొడవ ఇప్పటికీ తెగలేదు. బొమ్మల కంపెనీ హాస్‌బ్రో దాన్ని ప్రకటించింది 2019 జూలైలో, కొన్నవాళ్ల ఇళ్లకు చేరింది 2021లో, అయినా ట్రాన్స్‌ఫార్మర్లు, అంటే రూపం మార్చుకునే రోబో బొమ్మలు, పోగేసేవాళ్లు నలుగురు కలిస్తే చాలు, ఎక్కడ మొదలైన మాటైనా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ఒక ప్లాస్టిక్ బొమ్మకి 575 డాలర్లా అని ఒకడు అంటాడు, అది బొమ్మ కాదురా అని ఇంకొకడు లేస్తాడు, ఇక ఆ పూట వేరే మాట ఉండదు. నేను ఈ వాదనలో ధర న్యాయమే అనే పక్షం. డిజైన్ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరమే ఉంది, కానీ జనం ఎక్కువగా ఎత్తి చూపే లోపం అది కాదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యూనిక్రాన్ అంటే గ్రహాలను మింగే గ్రహం, కోపం వస్తే విచ్చుకుని రాక్షసుడిలా నిలబడే రోబో. 1986 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ యానిమేషన్ సినిమాలో వచ్చాడు, గొంతు ఇచ్చింది ఆర్సన్ వెల్స్, ఆయన పోయాకే ఆ సినిమా విడుదలైంది. అప్పట్లో బొమ్మ నమూనాలు తయారు చేశారు కానీ అమ్మకానికి ఒక్కటీ రాలేదు. 2003లో ఆర్మాడా సిరీస్‌లో మొదటిసారి బొమ్మగా వచ్చాడు, అది బాగానే ఉంటుంది, కాకపోతే సినిమాలో వణికించిన ఆ భారీతనం అందులో లేదు. అంటే 1986లో పదేళ్ల పిల్లవాడు 2019 వచ్చేసరికి నలభై దాటిన మనిషి, చేతిలో జీతం ఉంది, ఇన్నేళ్లుగా తీరని కోరిక ఉంది. హాస్‌బ్రో ఆ మనిషినే లెక్కలో పెట్టుకుంది.

పెట్టుకున్నా ధైర్యం చాలలేదు, అందుకే మామూలుగా షాపులకు పంపకుండా హాస్‌ల్యాబ్ పద్ధతిలో పెట్టింది. 8,000 మంది ముందుగా ఆర్డర్ చేస్తేనే తయారీ, లేకపోతే లేదు. అంతకు ముందు సంవత్సరం ఇదే పద్ధతిలో స్టార్ వార్స్ సినిమాలోని జబ్బా అనే విలన్ ఓడ బొమ్మను 500 డాలర్లకు పెట్టి 5,000 మంది కావాలంటే దానికి మించి వచ్చారు. అదే 2019లో 300 డాలర్ల కుకీ మాన్‌స్టర్ బొమ్మ పెడితే జనం రాలేదు, అది ఆగిపోయింది. యూనిక్రాన్‌కి పెట్టిన గడువు ఆగస్టు 31. ఆ రోజుకి లెక్క చాలలేదు. అప్పుడు హాస్‌బ్రో గడువును అక్టోబర్ 6 దాకా పొడిగించింది, ఆ పొడిగింపులోనే సంఖ్య నిండింది.

ఇక్కడ నా మాట చాలామంది స్నేహితులకు నచ్చదు. గడువు పొడిగించడం తప్పు. ఆ పొడిగింపు లేకపోతే ఈ బొమ్మే లేదు, తెలుసు, అయినా తప్పే. ఫలానా తేదీకి ఇంతమంది రాకపోతే లేదు అని చెప్పి డబ్బు అడిగినప్పుడు ఆ తేదీ మీద నిలబడాలి, లేకపోతే రేపు ఇంకో బొమ్మకి "చివరి తేదీ" అంటే ఎవడు నమ్ముతాడు? ఆత్రంగా మొదటి రోజే డబ్బు కట్టినవాడికీ, చివరిదాకా అటూ ఇటూ ఊగినవాడికీ తేడా లేకుండా పోయింది.

సరే, ధర. 575 ఎక్కువ అనేవాళ్లందరిదీ ఒకటే కొలత, ఎత్తు. యూనిక్రాన్ 27 అంగుళాలు. అదే 2019లో షాపుల్లోకి వచ్చిన ఒమేగా సుప్రీమ్, టైటాన్ క్లాస్ అని పిలిచే పెద్ద సైజు ట్రాన్స్‌ఫార్మర్, సుమారు 24 అంగుళాలు, ధర 150 డాలర్లు. మూడంగుళాలకి 425 డాలర్లు పుచ్చుకుంటారా అని అడుగుతారు. వినడానికి దెబ్బకు నోరు మూయించే ప్రశ్నలాగే ఉంటుంది. నా దగ్గర ఒమేగా సుప్రీమ్ ఉంది, ఇష్టమైన బొమ్మ, రాకెట్‌గా మారుతుంది, కానీ చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, ఎత్తుకి తగ్గ బరువు లేదు, ఈ పెద్ద టైటాన్లు చాలావరకు లోపల డొల్లే. ఆ ధరకి అదే కుదురుతుంది, తప్పు పట్టను. యూనిక్రాన్ 19 పౌండ్ల పైమాట, అంటే ఎనిమిదిన్నర కిలోలు దాటుతుంది. పసిపిల్లవాడిని ఎత్తుకునేంత బరువు. ఎత్తు మూడంగుళాలే పెరిగినా వెడల్పు, లోతు అన్నీ పెరిగాయి, ఎందుకంటే ఆ ఒళ్లంతా మడిస్తే ఒక గోళం రావాలి, చుట్టూ ఉంగరంతో కలిపి 30 అంగుళాలు.

ఎత్తుతోనే కొలుస్తామంటే కొలవదగిన బొమ్మ వేరే ఉంది. 2020లో ఇదే హాస్‌ల్యాబ్ పద్ధతిలో మార్వెల్ సెంటినెల్ వచ్చింది. అదీ 26 అంగుళాల పైనే, లైట్లు కూడా వెలుగుతాయి, ధర 350 డాలర్లు. అది దేనిగానూ మారదు, రోబోగా నిలబడుతుంది, అంతే. దానికి 6,000 మంది చాలంటే 20,000కు పైగా ఎగబడ్డారు. దాదాపు ఒకే ఎత్తు, ఒకే కంపెనీ, ఒకే పద్ధతి, ఏడాది తేడా. ధరలో తేడా 225 డాలర్లు. నా లెక్కలో ఆ తేడా చాలావరకు మడతకు కట్టే డబ్బు. నిలబడే బొమ్మకి బయట కనిపించే ముఖం ఒకటి ఉంటే చాలు, మారే బొమ్మకి ప్రతి ముక్కకీ రెండు ముఖాలు ఉండాలి, ఒకటి గ్రహంలో కనిపించేది, ఒకటి రోబోలో కనిపించేది, పైగా రెండు స్థితుల్లోనూ ఎక్కడో ఒకచోట గట్టిగా తగులుకోవాలి.

రెండోది అచ్చుల ఖర్చు. ప్లాస్టిక్ చవకే, ఆ ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు చవక కాదు. కల్యాణ మండపం అద్దె లాంటిది అది, వందమంది వచ్చినా వెయ్యిమంది వచ్చినా కట్టేది అంతే, తలకి ఎంత పడుతుందన్నది వచ్చినవాళ్లను బట్టి ఉంటుంది. షాపులకు వెళ్లే టైటాన్లకు ఆ ఖర్చు చాలా పెట్టెల మీద పడుతుంది. పైగా కంపెనీ ఒకే అచ్చును మార్చి మార్చి వాడుకుంటుంది, 2013లో వచ్చిన మెట్రోప్లెక్స్ అనే టైటాన్ ఒంటినే మార్చి 2016లో ఫోర్ట్రెస్ మ్యాక్సిమస్ చేశారు, అప్పుడు మనమే "పాత కాళ్లకి కొత్త తల పెట్టారు" అని తిట్టుకున్నాం. యూనిక్రాన్ అచ్చును ఇంకెవరికి వాడతారు? గ్రహంగా మారే ఇంకో రోబోకి ఈ ఒళ్లు అతకదు. కాబట్టి మొత్తం ఖర్చు ఆ మొదటి ఆర్డర్ల నుంచే రావాలి. 8,000 మందీ 575 కడితే 46 లక్షల డాలర్లు, అందులోనే డిజైన్, అచ్చులు, తయారీ, రంగులు, అంత పెద్ద పెట్టెల రవాణా, లాభం, అన్నీ. కంపెనీ మీద నాకు ప్రత్యేకంగా ప్రేమ లేదు, కానీ ఆ లెక్క చూశాక దోపిడీ అనే మాట మాత్రం నోటికి రాదు.

పాత రోజుల్లో ఇంత లేదు కదా అంటారు. 1987లో వచ్చిన మొదటి ఫోర్ట్రెస్ మ్యాక్సిమస్ అమెరికాలో సుమారు 100 డాలర్లు, 2013లో మెట్రోప్లెక్స్ వచ్చేదాకా అన్నిటికంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అదే. ఆ 100 డాలర్లు 2019 ధరల్లో దాదాపు 225. ఆ రోజుల్లో బొమ్మకి మోకాళ్లు వంగాలని, వేళ్లు ఒక్కొక్కటి కదలాలని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం. అడిగినదానికి డబ్బు అవుతుంది.

ఇక డిజైన్. అందరూ ఎత్తి చూపే లోపం గ్రహం పెంకు. గోళం విచ్చుకున్నాక ఆ పలకలన్నీ వీపు మీదికి, భుజాల మీదికి చేరతాయి, ఉంగరం వెనకాల రెక్కల్లా నిలుస్తుంది, పక్కనుంచి చూస్తే ఒళ్లంతా మూట కట్టుకున్నట్టు ఉందని విమర్శ. ఇది నాకు లోపంగా కనిపించదు. యానిమేషన్ సినిమాలో గోళం విచ్చుకుని రోబో అయితే ఆ పెంకు ఎక్కడికి పోయిందో గీసేవాడు చూపించనక్కర్లేదు. ప్లాస్టిక్ ఎక్కడికీ మాయం కాదు. ఊడదీసి పక్కన పెట్టే ముక్కలు చేయవచ్చు, కానీ అప్పుడు అది మారే బొమ్మ ఎలా అవుతుంది, విడిభాగాల పెట్టె అవుతుంది. వీపు మీద మోసుకుంటూ కూడా ముందునుంచి చూస్తే సినిమాలోని ఆకారం అచ్చుగుద్దినట్టు వచ్చిందంటే ఆ డిజైనర్లకు దండం పెట్టాలి.

నాకున్న అభ్యంతరం కీళ్ల దగ్గర. ఇది ఫొటోల్లో తెలియదు. న్యూజెర్సీలో మా బావ దగ్గర ఒకటి ఉంది, అక్కడికి వెళ్లినప్పుడు ఇద్దరం కూర్చుని గోళం నుంచి రోబోగా, మళ్లీ రోబో నుంచి గోళంగా మార్చాం. ఒకరు ఒళ్లు పట్టుకోవాలి, ఇంకొకరు పలకలు నొక్కాలి. "మెల్లిగా బావా, ఆ అంచు ఇంకా కూర్చోలేదు" అని నేను, "నువ్వు అవతల పట్టుకో ముందు" అని ఆయన. కింద ఒక్క పలక సరిగా తగులుకోకపోతే పైన అవతలివైపు అతుకు విచ్చుకుంటుంది, మళ్లీ మొదటికి రావాలి. కళ్లు వేలితో తిప్పితే తిరుగుతాయి, దవడ తెరిస్తే పళ్లు కనిపిస్తాయి, చేతివేళ్లకు విడివిడిగా కణుపులున్నాయి, ఆ చేతిని పిడికిలి బిగించి చూస్తే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. అదంతా అద్భుతం. నిలబెట్టేటప్పుడే చిక్కు వచ్చింది.

కొలతల నిష్పత్తి మార్చకుండా ఒక బొమ్మ ఎత్తు రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, చేయి చాచినప్పుడు భుజం కీలు మీద పడే లాగుడు పదహారు రెట్లవుతుంది. మామూలు రాపిడి కీలు ఆ లాగుడికి ఆగదు, చేయి జారి వేలాడిపోతుంది. అందుకే పెద్ద బొమ్మలకు రాచెట్ కీళ్లు పెడతారు, లోపల పళ్లచక్రం ఉంటుంది, తిప్పితే టక్ టక్ మని మెట్లు మెట్లుగా కదిలి ఎక్కడికక్కడ బిగుసుకుంటుంది. బలం సంగతి సరే. కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆపలేం. వీపు మీద అంత బరువున్న బొమ్మకి తుంటి ఒక్క మెట్టు ముందుకి జరిపితే ముందుకి వాలుతుంది, ఒక్క మెట్టు వెనక్కి జరిపితే వెనక్కి, సరైన చోటు ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాన్ని చీలమండలతో సర్దుకోవాలి. బావ దాన్ని బాగా పట్టుకున్నాడు, నాకు మాత్రం చెయ్యి తీసేటప్పుడల్లా టెన్షనే. గోళానికి స్టాండు పెట్టెలోనే ఇచ్చారు.  తుంటిలో పళ్లు ఇంకా సన్నగా, దగ్గర దగ్గరగా ఉండాల్సింది. సన్నటి పళ్లు త్వరగా అరుగుతాయి నిజమే, అలాంటప్పుడు అక్కడ లోహం వాడాలి, ఇంకో పాతిక డాలర్లు అడిగినా ఇచ్చేవాళ్లం. 575కి ఒప్పుకున్నవాడు 600కి వెనక్కి తగ్గడు. ధర తగ్గించమని అరిచే గొంతులన్నీ ఈ కీలు సంగతి అడిగి ఉంటే మొదట్లోనే మారేదేమో అని నాకు బాధ.

మన దేశంలో ఉన్నవాళ్లకి ఈ ధర చర్చ వేరేగా ఉంటుంది, అదీ చెప్పాలి. 2019 చివర్లో డాలరు 70 రూపాయల పైన ఉంది, అంటే బొమ్మకే 40 వేలు దాటింది. ఆర్డర్ పెట్టే రోజుకి బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం, 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో అది 60 శాతమైంది, 2023లో 70 శాతానికి పెంచారు. ఆర్డర్ పెట్టినప్పుడు ఒక లెక్క, పెట్టె చేతికొచ్చేసరికి ఇంకో లెక్క. పోనీ వచ్చేవాళ్లతో తెప్పించుకుందామంటే విమానంలో ఒక పెట్టెకి 23 కిలోలు, అందులో బొమ్మే ఎనిమిదిన్నర కిలోలు తినేస్తుంది, పెట్టె సైజు సంగతి అడగొద్దు, ఏ చుట్టాన్ని మొహమాటపెడతాం? కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని "చాలా ఎక్కువ" అనేవాళ్ల మాట నేను కొట్టిపారేయను. మనకి అది నిజంగానే ఎక్కువ. ఎక్కువైంది బొమ్మ ధర కాదు, దారి ఖర్చు.

ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా అని ఒకరిద్దరు అడిగారు. కొనేముందు అమ్మేవాడిని ఫొటోలు కాదు, వీడియో అడగండి, సౌండ్‌తో సహా. రెండు తుంటి కీళ్లూ, రెండు భుజాలూ ఒక్కొక్క మెట్టుగా తిప్పి చూపించమనండి, టక్ మనే చప్పుడు ప్రతి మెట్టుకీ ఒకేలా వినపడాలి, ఎక్కడైనా మెత్తగా జారిపోతే లోపల పళ్లు అరిగినట్టే, దానికి విడిభాగం దొరకదు. గోళంగా మార్చి చుట్టూ తిప్పి చూపించమనండి, అతుకులన్నీ మూసుకోవాలి. స్టాండు ఉందో లేదో అడగండి. అసలు పెట్టె, లోపలి అమరిక లేకుండా కొరియర్‌లో పంపుతానంటే మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు, ఉంగరం అంచులూ, తల మీది కొమ్ములూ ఆ ప్రయాణానికి నిలవవు.