మైదా వెయ్యని తెల్ల సాస్: నా అనుభవం

పిండిపదార్థం తగ్గించాలని మైదా లేకుండా మొదలెట్టిన తెల్ల సాస్ (వైట్ సాస్) ఇవాళ మధ్యాహ్నానికి కుదిరింది. రెండుసార్లు విరిగాక కుదిరింది. పొయ్యి గట్టు ఇంకా తుడవనేలేదు, గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

నలుగురికి కొలతలు: ఫ్రెష్ క్రీం 200 మి.లీ. ప్యాకెట్ ఒకటి, వెన్న 20 గ్రాములు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, చీజ్ క్యూబులు రెండు, గుడ్డు పచ్చసొన ఒకటి, మిరియాల పొడి అర చెంచా, నిమ్మరసం ఒక చెంచా. చీజ్‌లో ఎలాగూ ఉప్పుంటుంది, రుచి చూశాకే వెయ్యాలి.

శ్రీకాకుళంలో ఎవరినడిగినా "చిక్కదనానికేటి, పలాస జీడిపప్పు గుప్పెడు నూరి పడెయ్" అంటారు. రుచికి తిరుగు లేదు. కానీ 100 గ్రాముల జీడిపప్పులో పిండిపదార్థం దగ్గర దగ్గర 30 గ్రాములు. గుప్పెడు పడితే మైదా మానేసిన లాభం కాస్తా అక్కడే పోతుంది.

వెన్నలో సన్నగా తరిగిన వెల్లుల్లి చిన్న మంట మీద రెండు నిమిషాలు. ఎర్రబడితే చేదు.

అసలు గొడవంతా క్రీం దగ్గరే. వీడియోల్లో "క్రీం పోసి అయిదు నిమిషాలు మరగనివ్వండి" అంటారు. వాళ్లు వాడేది 35 శాతం పైన కొవ్వున్న క్రీం. మనకి కిరాణా కొట్లో దొరికే ప్యాకెట్‌లో 25 శాతమే. మైదా ఉంటే ఆ పిండి పాలలోని మాంసకృత్తులు ముద్దకట్టకుండా అడ్డు పడుతుంది. మైదా తీసేశాక ఆ అడ్డూ పోయింది. మరిగిందా, నిమ్మరసం ముందే పడిందా, పలుకులు ఒక పక్క, నెయ్యి ఒక పక్క. నాకు రెండూ జరిగాయి. ఒక షాపులోనైతే "ఇదీ క్రీమేనండి" అని కేకుల మీద పూసే విప్పింగ్ క్రీం అంటగట్టారు. ఇంటికొచ్చి అట్ట చదివితే వనస్పతి నూనె, పంచదార! వెనక అచ్చయినది చదవకుండా డబ్బులివ్వకండి.

కుదిరిన పద్ధతి ఇది. ప్యాకెట్‌ని కదపకుండా ఆరు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, పైన పేరుకున్న చిక్కటిదే తీసుకోవాలి. అడుగు నీళ్లు పారబోయక్కర్లేదు, చివర్లో పలచన చేసుకోడానికి పనికొస్తాయి. క్రీంని బయట పావుగంట ఉంచి, సిమ్‌లో పోసి, అంచున చిన్న బుడగలు రాగానే చీజ్ తురుము వేసి కలపాలి. కరిగాక పొయ్యి ఆపెయ్యాలి. పచ్చసొనలో రెండు గరిటెల వేడి సాస్ కొద్దికొద్దిగా పోసి గిలక్కొట్టి, ఆ తర్వాతే గిన్నెలో కలపాలి. నేరుగా వేస్తే గుడ్డు పొరటు అవుతుంది. మళ్లీ సిమ్‌లో ఒక్క నిమిషం. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలిస్తే చాలు. మిరియాలు, ఉప్పు, అన్నిటికన్నా ఆఖర్న నిమ్మరసం.

విరిగినా పారెయ్యొద్దు. గోరువెచ్చగా చల్లారాక రెండు చెంచాల చల్లటి క్రీం వేసి మిక్సీలో ఇరవై సెకన్లు తిప్పితే చాలావరకు కలుస్తుంది. వేడిగా తిప్పితే మూత ఎగిరి గోడంతా తెల్లబడుతుంది.

మనిషికి పిండిపదార్థం సుమారు 3 గ్రాములు. కొవ్వు మాత్రం 20 దాకా ఉంటుంది, ఆ లెక్క ఎవరూ చెప్పరు. వేయించిన వంజరం మీదకీ, ఉడికించిన కాలీఫ్లవర్ మీదకీ బాగుంటుంది. అన్నంలో కలుపుకుంటే ఇంత శ్రమా వృథా.

మిగిలింది ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది. పచ్చసొన ఉంది కాబట్టి మర్నాటికి మించి ఉంచను. వేడి చెయ్యాలంటే మంట మీద పెట్టకుండా, వేణ్నీళ్ల గిన్నెలో ఈ గిన్నె దించి కలుపుతూ ఉండాలి.