ఖాళీ వదలడం కూడా పనే

మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్‌లో, అంటే డాక్టర్ చెప్పిన ఆడియో విని రిపోర్టు టైప్ చేసేటప్పుడు, డిక్టేషన్‌లో ఒక మాట అందకపోతే అక్కడే పదిసార్లు తిప్పి వినకండి. మొదట తప్పుగా పట్టిన మాటే చెవికి మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఆడియోని కాలితో నడిపే ఫుట్ పెడల్‌తో 3 సెకన్లు వెనక్కి వెళ్లి, వేగం 75 శాతానికి తగ్గించి రెండుసార్లు వినండి. అప్పటికీ తెలియకపోతే ఖాళీ వదిలి ముందుకు సాగండి. అది మందు పేరైతే, చివర చికిత్స గురించి చెప్పే ప్లాన్ భాగంలో స్పష్టంగా రావచ్చు.

అసలు ప్రమాదం హైడ్రాలజీన్, హైడ్రాక్సిజీన్ లాంటి, ఒకేలా వినిపించే జంటలతోనే. ఈ రెండు మందులూ 25 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి, కాబట్టి మోతాదు చూసి తేల్చలేం. మొదటిది బీపీకి, రెండోది దురదకీ ఆందోళనకీ. రోగి జబ్బేమిటో చూడాలి. డిస్ఫేజియా అంటే మింగలేకపోవడం, డిస్ఫేసియా అంటే మాట సరిగా రాకపోవడం. పక్షవాతం రిపోర్టులో రెండూ ఉండొచ్చు, అక్కడ సందర్భం కూడా చాలదు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేలకపోతే ఊహించి రాయొద్దు. ఖాళీ ఉంచి, ఆడియో సమయం, వినిపించిన శబ్దం రాసి క్యూఏకి, అంటే రిపోర్టుల నాణ్యత సరిచూసే వాళ్లకి, పంపండి.