టీకాల శిక్షణకు క్రెడిట్ గంటలు రాబట్టుకునేసరికి

ఆమోదపత్రం నిన్ననే చేతికొచ్చింది. ఒళ్లుమంట చల్లారకముందే రాసేస్తున్నాను. ఇదే దారిన వెళ్లేవాళ్లకు కొంత తిప్పలైనా తప్పుతుంది.

పని చిన్నదే. పిల్లలకు టీకాలు వేసే డాక్టర్లకు, నర్సులకు కలిపి ఒక రోజు శిక్షణ. ఆరోగ్యశాఖ, పిల్లల వైద్యుల సంఘం, నర్సింగ్ కాలేజీ ముగ్గురూ సులువుగానే ఒప్పుకున్నారు. ఒప్పంద పత్రం రెండు పేజీలు దాటనివ్వకండి. హాలు ఎవరిస్తారు, పాఠానికి జవాబుదారీ ఎవరు, హాజరుపట్టీ ఎవరి దగ్గరుంటుంది, తప్పుకోవాలంటే ఎంత ముందు చెప్పాలి అనేవి ఉంటే చాలు. "పరస్పర సహకార స్ఫూర్తితో" లాంటి పేరాలు కొట్టేయండి, న్యాయ విభాగం వాళ్లు పీకులాడేది వాటి మీదే.

అసలు గొడవంతా క్రెడిట్ గంటల కమిటీ దగ్గర. క్రెడిట్ గంటలంటే, చదువు ఆపకుండా కొనసాగిస్తున్నట్టు డాక్టర్లు, నర్సుల ఖాతాలో లెక్కకట్టే శిక్షణ గంటలు. క్రెడిట్ లేని శిక్షణకు డాక్టర్లు రారు, ఎవరేమనుకున్నా ఇది నిజం.

"టీకాలపై అవగాహన కల్పించడం" అనే లక్ష్యాన్ని కమిటీ ఒప్పుకోదు. "డోసు తప్పిపోయిన బిడ్డకు, వరుస మళ్లీ మొదలుపెట్టకుండా, మిగిలిన డోసుల తేదీలు వేయగలగాలి" అన్నట్టు, పరీక్ష పెట్టి తేల్చగలిగేలా రాయాలి. ఈ అభ్యంతరం న్యాయమే.

పరువు తీసింది స్లైడ్లు. సంఘం తరఫున ఒక పెద్దమనిషి ఉదారంగా ఇచ్చినవి. ప్రతి స్లైడు అడుగునా కంపెనీ లోగో, లోపల టీకా పేరుకు బదులు బ్రాండు పేరు. "ఇది శిక్షణా, అమ్మకమా?" అని నిండు సభలో నన్నడిగారు, దరఖాస్తు మీద సంతకం నాది కాబట్టి. ఆయన మాత్రం తలెత్తకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. అందుకే చెబుతున్నా: ఏ కంపెనీతో ఏ లావాదేవీ ఉందో ప్రతి వక్త చేతా ముందే రాయించుకుని సంతకం తీసుకోండి, ఆ తర్వాతే స్లైడ్లు అడగండి. విరాళం శిక్షణ ఖాతాలోకే రావాలి, వక్త జేబులోకి కాదు. ఇచ్చినవాళ్లకు పాఠంలో ఒక్క వాక్యం మార్చే హక్కు కూడా ఉండకూడదు.

అంతటితో అయిపోలేదు. ప్రయోగ తరగతి చూసి కమిటీవాళ్లు "ఫ్రిజ్ సంగతులు నర్సులకు చెప్పుకోండి, డాక్టర్లకెందుకు?" అన్నారు. టీకా వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి ఒకే టీకా) లాంటివి గడ్డకట్టినా పాడవుతాయి. వాటిలోని అల్యూమినియం లవణం ముద్దలు కడుతుంది, కరిగాక పైకి మామూలుగానే కనిపించవచ్చు. 2 నుంచి 8 డిగ్రీలని గోడ మీద రాసుంటుంది, వయల్ (టీకా సీసా) మాత్రం ఫ్రీజర్ గోడకు ఆనుకుని ఉంటుంది. వయల్ మీది వీవీఎం (వేడి తగిలేకొద్దీ రంగు మారే గుర్తు) వేడిని పట్టిస్తుందే కానీ గడ్డకట్టడాన్ని పట్టివ్వదు. దాన్ని తేల్చేది షేక్ టెస్ట్. అదే టీకా, అదే తయారీదారు, అదే బ్యాచ్ వయల్ ఒకటి కావాలనే గట్టిగా గడ్డకట్టించి, కరగనిచ్చి, అనుమానమున్న వయల్‌తో కలిపి 10-15 సెకన్లు బాగా ఊపి, రెండూ పక్కపక్కన నిలబెట్టాలి. అరగంటలోపే తేలిపోతుంది. అనుమానపు వయల్‌లో మడ్డి గడ్డకట్టించిన వయల్‌తో సమానంగానో ఇంకా త్వరగానో దిగితే పారేయాలి. ఇంకా గడ్డగానే కనిపించేదానికి ఈ పరీక్షే అక్కర్లేదు, నేరుగా పారేయడమే. పోల్చి చూసే వయల్‌ని ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టించండి. ఇది మరిచి తరగతి పాడుచేసుకున్న నిర్వాహకులు బోలెడుమంది.

క్లినిక్‌లో ఆ వయల్స్‌కు జవాబు చెప్పాల్సింది డాక్టరే అని వాదించాకే కమిటీ ఆ గంటను ఉంచింది. అయినా నర్సులకు వేరే ఫారం, వేరే కౌన్సిల్, వేరే రుసుము. పాఠం అక్షరం మారలేదు. చేతిలో సూది ఉన్నవాళ్లకి ఈ రెండో క్యూ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

తల్లిదండ్రులతో మాట్లాడే తీరు మీద అరగంట చాలు. "వేయించాలనుకుంటున్నారా?" అని మొదలుపెట్టకుండా "ఈరోజు పాపకు రెండు టీకాలున్నాయి" అని చెప్పి, సందేహాలుంటే ఓపిగ్గా వినడం. తేలికపాటి జలుబుకు టీకా వాయిదా వేయకూడదన్నదీ అక్కడే చెప్పేయండి.

సర్టిఫికెట్లు సాయంత్రం పరీక్ష రాశాకే పంచండి. భోజనాల దగ్గర పంచితే షేక్ టెస్ట్ వేళకు గదిలో నర్సులే మిగులుతారు.