యోసెమిటీ లోయ: ఏళ్ల తేడాతో ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు పోల్చాలంటే

కాలిఫోర్నియాలోని యోసెమిటీని ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే ఎరుపుకు అవతల కంటికి కనిపించని కాంతిలో, తీయడం పెద్ద పని కాదు. ఏళ్ల తేడాతో తీసినవి పక్కపక్కన పెట్టినప్పుడు మారింది లోయా, మన సెట్టింగా అన్నది తేల్చుకోవడమే కష్టం. అందుకే బే ఏరియా మనవాళ్లు వెళ్లినప్పుడల్లా ఆగి లోయను చూసే చోటు, టన్నెల్ వ్యూనే ఎంచుకున్నాను. ఎడమన ఎల్ కాపిటాన్ రాతి కొండ, కుడిన బ్రైడల్‌వెయిల్ జలపాతం, దూరంగా హాఫ్ డోమ్ శిఖరం. హిమానీనదం పెద్ద లోయను లోతుగా కోసి పక్క లోయను పైనే వదిలేసింది కాబట్టి బ్రైడల్‌వెయిల్ నీళ్లు 188 మీటర్లు కిందికి దూకుతాయి.

నాది సెన్సర్ ముందుండే ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు తీయించి, దాదాపు ఇన్‌ఫ్రారెడ్‌నే లోపలికి వదిలే 720 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టించిన మిర్రర్‌లెస్ కెమెరా. మామూలు కెమెరాకు బయట నుంచి అలాంటిదే ఆర్72 ఫిల్టర్ బిగించినా ఫొటో వస్తుంది. కానీ ఎండలో కూడా ఎక్స్‌పోజర్ సెకన్లలోకి పోతుంది, గాలికి ఓక్ ఆకులు అలికినట్టవుతాయి. మధ్యలో 830 నానోమీటర్ల ఫిల్టర్‌కు మారితే ఆకుల టోనే వేరు, పాతవాటితో పోలిక కుదరదు. అపర్చర్‌ను, అంటే లెన్సు రంధ్రాన్ని, ఎఫ్/8 కంటే చిన్నది కానివ్వను. ఎఫ్/11, ఎఫ్/16 దగ్గర చాలా లెన్సులు ఫ్రేము మధ్యలో తెల్లటి మచ్చ వేస్తాయి.

అసలు శ్రమంతా ట్రైపాడ్ నిలిపే చోటుకోసమే. మొదటి ఫొటో ప్రింటు చేతిలో పెట్టుకుని, దగ్గరి కొమ్మ అంచు దూరపు కొండ అంచుకు ఎక్కడ తగులుతోందో చూస్తాను. కొమ్మ ఎడమకు జరిగి కనిపిస్తే నేను కుడికి ఎక్కువ వచ్చినట్టు. కెమెరా వాలితే కంప్యూటర్లో సరిచేయొచ్చు, నిలబడ్డ చోటు తప్పితే ఏ సాఫ్ట్‌వేరూ దిద్దలేదు. కొమ్మలు పెరుగుతాయి కాబట్టి రాతి అంచులు కూడా రెండు మూడు గుర్తుపెట్టుకోవాలి.

చూపు తూర్పుకే కనుక పొద్దున ఎదురెండ. మధ్యాహ్నం దాటాకే తీస్తాను. తేదీ ఒకటైతే చాలదు: మంచు ఎక్కువ పడిన ఏడాది ఓకులు ఆలస్యంగా చిగురిస్తాయి, అదీ రాసుకోవాలి. గాలిలోని పలుచటి మసకను ఇన్‌ఫ్రారెడ్ బాగానే చీలుస్తుంది. కార్చిచ్చు పొగ దట్టంగా ఉంటే మాత్రం లాభం లేదు, కెమెరా సర్దేయడమే.

వైట్ బ్యాలెన్స్ ఎండ పడిన గడ్డి మీద పెట్టి, రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టే ఉంచే ఫైల్) తీస్తాను. చాలా సాఫ్ట్‌వేర్లలో రంగు ఉష్ణోగ్రత 2000 కెల్విన్ కంటే దిగదు, ఫొటో ఎర్రగానే ఉండిపోతుంది. వేరే కెమెరా ప్రొఫైల్ (రంగులు ఎలా చూపాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఫైల్) చేసుకోక తప్పదు. నీలి ఆకాశం కోసం ఎరుపు, నీలం చానెళ్లు తారుమారు చేయడం గోడకు తగిలించే ఫొటోకి బాగుంటుంది. పోలికకైతే నలుపు తెలుపే. ఎల్ కాపిటాన్ ఎండ ముఖాన్ని పాత, కొత్త ఫొటోలు రెండింటిలోనూ ఒకే టోనుకు తెచ్చాకే చెట్ల వైపు చూస్తాను.

ఇన్‌ఫ్రారెడ్‌లో చెట్లు తెల్లగా వస్తాయి. అలా తెల్లబడేది పత్రహరితం వల్ల కాదు, ఆకు లోపలి కణాల అమరిక వల్ల. సూదాకుల చెట్లు ఓకుల కంటే ముదురుగానే వస్తాయి. ఎండి గోధుమరంగు తిరిగిన సూదులు ఇంకా కొమ్మన ఉంటే కొంత తెల్లగానే కనిపిస్తాయి, కాబట్టి చనిపోయిన పైన్లను దీన్నిబట్టే లెక్కపెట్టొద్దు. పక్కనే మామూలు రంగు ఫొటో కూడా తీయండి.

1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ తీసిన ఫొటోలతో పోల్చాలని చాలామందికి ఉంటుంది. టన్నెల్ వ్యూ పక్కనున్న సొరంగం 1933లో తెరిచారు కాబట్టి ఆయన చోట్లు వేరు. పైగా ఆనాటి తడి ప్లేట్లకు నీలమే బాగా కనపడేది: ఆకాశం తెల్లగా, ఆకులు నల్లగా వచ్చేవి, మనదానికి సరిగ్గా తిరగేసి. టోన్ వదిలేసి, పచ్చిక మైదానాల అంచు దాకా చెట్లు ఎంత దూరం వచ్చాయో అది ఒక్కటే కొలవాలి.