భీష్మాష్టమి నాటి దోసెడు నీళ్ళు

మాఘ శుద్ధ ఏకాదశి వచ్చిందంటే మా అనంతపురం వైపు గుళ్ళన్నిటిలో మైకులు మోగుతాయి, విష్ణు సహస్రనామ పారాయణ సామూహికంగా సాగుతుంది, ప్రసాదాల దగ్గర జనం బారులు తీరుతారు. సంతోషమే. అయితే ఆ వేయి నామాలను అంపశయ్య మీద నుంచి ధర్మరాజుకు ఉపదేశించిన పితామహుడు భీష్ముడికి తర్పణం వదలవలసిన అష్టమి అంతకు మూడు రోజుల ముందే వచ్చి వెళ్ళిపోయిందన్న సంగతి ఆ బారుల్లో నిలబడ్డవారిలో ఎందరికి గుర్తుంటుంది? రథసప్తమి నాడు జిల్లేడాకులు తలమీద పెట్టుకుని శ్రద్ధగా స్నానం చేసినవారే మర్నాడు అది ఒక తిథి అన్న ఊసు లేకుండా పనుల్లో పడిపోతారు. అడిగితే, "మా నాయన చల్లగా బతికి ఉన్నాడు, నేను తర్పణం చేయడమేమిటి?" అని ఎదురు ప్రశ్న వేస్తారు.

"జీవత్పితాఽపి కుర్వీత తర్పణం యమభీష్మయోః" అన్న మాట మన పెద్దలకు కంఠస్థం. తండ్రి జీవించి ఉన్నవాడు సైతం యముడికి, భీష్ముడికి నీళ్ళు వదలాలి. కారణం తర్పణ శ్లోకంలోనే కనిపిస్తుంది.

వైయాఘ్రపద్యగోత్రాయ సాంకృత్యప్రవరాయ చ
అపుత్రాయ దదామ్యేతత్ జలం భీష్మాయ వర్మణే

అపుత్రాయ, అంటే కొడుకులు లేనివాడికి. తండ్రి కోరిక తీర్చడం కోసం తనకు పుట్టవలసిన కొడుకులనే వదులుకున్నవాడు ఆయన. నీళ్ళు వదిలే కొడుకు లేడు కాబట్టి ఆ బాధ్యత ఒక వంశానికి గాక అందరికీ పంచి ఇచ్చారు. అందులో అశుభమేముందో నాకు అర్థం కాదు.

భీష్ముడి కథలో నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేది ఆయన ప్రతిజ్ఞ కాదు, పరాక్రమమూ కాదు, నీళ్ళు. ఆయన నదికి పుట్టిన కొడుకు. అంతటివాడు పదవ రోజు యుద్ధంలో నేలకొరిగి, బాణాల మీద పడుకుని, దాహమని అడగవలసి వచ్చింది. రాజులు పరుగున వెళ్ళి చల్లని నీటి కుండలు, రకరకాల భక్ష్యాలు తెచ్చారు. ఆయన వాటిని ముట్టలేదు, అర్జునుణ్ణి పిలిపించాడు. అర్జునుడు ప్రదక్షిణం చేసి, గాండీవం ఎక్కుపెట్టి, పర్జన్యాస్త్రంతో ఆయన దక్షిణ పార్శ్వాన భూమిని భేదించగా, అమృతంలాంటి చల్లని నీటిధార పైకి ఎగసింది. పితామహుడు ఆ నీటితోనే తృప్తి పొందాడు. తలగడ అడిగినప్పుడూ అంతే: రాజులు తెచ్చిన మెత్తని దిండ్లు వద్దన్నాడు, అర్జునుడు నాటిన మూడు బాణాల మీద తల ఆనించాడు. ఆ శయ్య మీద యాభై ఎనిమిది రాత్రులు నూరేళ్ళలా గడిచాయని ఆయనే చెప్పి, ఉత్తరాయణం వచ్చాక ప్రాణం విడిచాడు. దహనం ముగించి పాండవులు భాగీరథి ఒడ్డున ఉదకాలు ఇస్తుండగా, ఆ నీళ్ళలో నుంచి గంగమ్మే పైకి వచ్చి కొడుకు కోసం ఏడ్చింది. పరశురాముడంతటివాడు ఓడించలేని నా బిడ్డ శిఖండి చేతిలో పోయాడే అని ఆమె విలపిస్తే, కూల్చినవాడు అర్జునుడమ్మా, శిఖండి కాదు అని కృష్ణుడు ఓదార్చాడు. లోకమంతటి పాపాలు కడిగే తల్లికి కూడా కొడుకు పోతే అలాంటి ఓదార్పే కావలసి వచ్చింది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ పైన అక్షరాలు కనిపించవు.

భూమి చీలి నీరు రావడమన్నది పెన్న ఒడ్డున పుట్టినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి పానవట్టం దగ్గర ఊరే జలాన్ని చూసి పెరిగినవాళ్ళం. మాఘమాసానికి పెన్న ఇసుక మేటలుగానే మిగులుతుంది. మా పెదనాయన అష్టమి నాడు ఆ ఇసుకలో చేత్తో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు తేరేదాకా ఓపికగా కూర్చుని, ఆ నీళ్ళే దోసిట పట్టి శ్లోకం చెప్పేవాడు. ఇంటి నుంచి బిందె తెస్తానంటే ఒప్పుకొనేవాడు కాదు. ఆయనకూ పిల్లలు లేరు. ఒక ఏడు నేను పక్కన నిలబడి ఉండగా, "ఈయప్పకు పోసే నీళ్ళలో రోంత తడి నాకూ తగుల్తాదిలేరా" అన్నాడు. ఇప్పుడు భీష్ముడికి వదిలిన తరువాత ఆయన పేరు కూడా తలచుకుంటాను. శాస్త్రం ఒప్పుతుందో లేదో పండితులు చెప్పాలి గానీ, నేను మానను.

ఇక చేసే కొద్దిమంది తీరు చూసినా బాధ కలుగుతుంది. ప్లాస్టిక్ సీసా మూత తీసి అలాగే ఒంపుతూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీసుకునేవారిని చూశాను. ఎవరికి ఇస్తున్నారో కాస్త ఆలోచించవద్దా? గంగాద్వారంలో శంతనుడికి శ్రాద్ధం పెడుతుండగా భూమిని చీల్చుకుని తండ్రి చెయ్యే పైకి వచ్చి పిండం కోసం చాచితే, దర్భల మీదనే పెట్టాలన్నది విధి కదా అని ఆ చేతిని కూడా కాదని దర్భల మీదనే పెట్టినవాడు భీష్ముడు. అనుశాసనిక పర్వంలో ఈ సంగతి ధర్మరాజుకు ఆయనే స్వయంగా చెప్పుకున్నాడు. కన్నతండ్రి చెయ్యి కళ్ళెదుట కనిపిస్తున్నా విధి తప్పనివాడికి ఇచ్చే నీళ్ళలో ఇంత నిర్లక్ష్యమా?

చదువుకున్న పిల్లలు మరొక మాట అడుగుతున్నారు. నిండు సభలో ద్రౌపది నిలదీసినప్పుడు ధర్మం సూక్ష్మమైనది, నీ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేను అన్నవాడికి ఈ మర్యాద ఎందుకని. ఆ ప్రశ్నను కసిరి నోరు మూయించకూడదు. ఆ సభలో ఆయన చేయవలసినది చేయలేదనే నేనూ అనుకుంటాను. కానీ మనం వదిలే నీళ్ళు తప్పు చేయనివాడికి ఇచ్చే బహుమానం కాదు, మన ఇంటి పెద్దలందరూ తప్పులు లేనివారై పోయారా? కొడుకు లేని తాతకు దాహం తీర్చడానికి ఆయన చరిత్ర మీద తీర్పు అవసరం లేదు.

కాబట్టి ఈ మాఘంలోనైనా అష్టమిని దాటవేయకండి. స్నానం, నిత్యానుష్ఠానం ముగించి, యజ్ఞోపవీతం, తిలల విషయంలో మీ ఇంటి పురోహితుణ్ణి అడిగి మీ ఆచారం ప్రకారం చేయండి. ఏరు దగ్గర లేకపోతే బావి నీళ్ళతో, బోరు నీళ్ళతో పెరట్లోనే చేయండి, ఫోను మాత్రం ఇంట్లో వదిలి రండి. "వసూనామవతారాయ శంతనోరాత్మజాయ చ" అని అర్ఘ్యం ఇచ్చేటప్పుడు పిల్లలను పక్కన నిలబెట్టుకుని వాళ్ళ చేత కూడా పలికించండి. సభలో మౌనం గురించి వాళ్ళు అడిగితే ఆ కథ దాచకుండా చెప్పండి, తరువాత అర్జునుడి నీళ్ళ కథ కూడా చెప్పండి.