అవ్వ మాట తేటగా వినపడాలంటే టీవీ ఎట్లా పెట్టాలి

పెద్ద టీవీ కొనేటప్పుడు అందరూ బొమ్మే చూస్తారు. పిల్లలు అమెరికాలో పెరుగుతూ, అవ్వాతాతలు తిరుపతిలో ఉన్న ఇళ్ళకు బొమ్మ కంటే శబ్దం ముఖ్యం. పలచటి టీవీల్లో స్పీకర్లు ఎక్కువగా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకూ టైల్స్‌కూ తగిలి మసకబారి చెవికి చేరుతుంది. సినిమా కథ తెలియడానికి అది చాలు. ‘కల’కూ ‘కళ’కూ తేడా పట్టాల్సిన పిల్లవాడి చెవికి చాలదు. అందుకే 65 అంగుళాలకు పోకుండా 55 కొని, మిగిలిన డబ్బు సౌండ్‌బార్‌కు, అంటే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరుకు పెట్టండి. 7, 8 అడుగుల దూరంలో కూర్చునే హాలుకు 55 సరిపోతుంది. సౌండ్‌బార్ తీగను టీవీ వెనక ‘ఆర్క్’ (ARC) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టులోనే పెట్టాలి, వేరే పోర్టులో పెడితే టీవీ శబ్దం దానికి రాదు. నేల మీద జంపఖానా, కిటికీకి మందపాటి తెర ఉంటే గది గింగురుమనడం చాలావరకు తగ్గుతుంది.

తిరుపతి ఇంటికి అమెరికా నుంచి టీవీ మోసుకెళ్ళకండి. 2013 ఆగస్టు నుంచి ఫ్లాట్ టీవీకి సుంకం మినహాయింపు లేదు. పైగా వెనక లేబుల్ మీద 120 వోల్టులని మాత్రమే ఉంటే 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోవచ్చు. ఊర్లోనే కొంటే వారంటీ కూడా ఊర్లోనే ఉంటుంది.

అసలు పని వీడియో కాల్‌ది. ఫోన్‌లో వాట్సాప్ కాల్ చేసి, దాన్ని టీవీ మీదికి మిర్రర్ చేస్తే చాలా ఫోన్లలో బొమ్మ టీవీకి పోతుంది, మాట ఫోన్‌లోనే ఉండిపోతుంది. అవ్వ టీవీ వైపు చూస్తుంది, గొంతు చేతిలోంచి వస్తుంది. దీనికన్నా పాత ల్యాప్‌టాప్, 3 మీటర్ల హెచ్‌డీఎంఐ తీగ, యూఎస్‌బీ వెబ్‌క్యామ్, యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ (మైకూ స్పీకరూ కలిసున్న చిన్న పరికరం) మేలు. వెబ్‌క్యామ్ టీవీ పైఅంచున సరిగ్గా నడిమధ్య ఉండాలి. కాల్ విండోను తెరంతా నింపకుండా చిన్నది చేసి, కెమెరా కిందికి జరపండి. అట్లా చేస్తే మనవరాలి మొహం చూసే అవ్వ కళ్ళు కెమెరాకు దగ్గరగా ఉంటాయి, అవతల పాపకు అవ్వ తననే చూస్తున్నట్టు కనిపిస్తుంది. తెర నిండా పెడితే చూపు కడుపు మీదికి దిగిపోతుంది.

స్పీకర్‌ఫోన్‌ను అవ్వ ముందు టీపాయ్ మీద, మడతపెట్టిన తువాలు మీద పెట్టండి. టీవీ శబ్దం పూర్తిగా ఆపేయండి. ప్రతిధ్వని వచ్చేది ఇక్కడే: టీవీ తన సరౌండ్ హంగుల కోసం శబ్దాన్ని కొంచెం ఆలస్యంగా వదులుతుంది, మైకు దాన్ని మళ్ళీ పట్టుకుంటుంది, పాప తన మాట తనకే వినపడి నోరు మూసుకుంటుంది. మైకూ స్పీకరూ ఒకే పరికరంలో ఉంటే ఆ తిప్పలు చాలావరకు తప్పుతాయి. కాల్ జూమ్‌లో పెట్టుకున్నప్పుడు అవ్వ జోలపాట అందుకుంటే, యాప్ దాన్ని రొదనుకొని మధ్యలో కోసేస్తుంది. ఆ పాట సేపు ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేయండి, ప్రతిధ్వని తగ్గించే ఆప్షన్ మాత్రం తీయకండి. అవ్వ వెనక కిటికీ ఉంటే మొహం నల్లగా పడుతుంది. కుర్చీ తిప్పి, వెలుతురు ఎదురుగా పడేట్టు చూడండి.

ఊరికే పలకరించుకుంటే ‘తిన్నావా? ఊఁ’తో కాల్ అయిపోతుంది. చేతిలో పని ఉంటే మాట సాగుతుంది. చెనక్కాయలు ఒలిచే పని రెండు ఇళ్ళలోనూ పెట్టండి. ‘ఏం చేస్తా ఉండావు నాయనా, యాడికి పోతా ఉండావు’ అనే చిత్తూరు మాట ఏ యాప్‌లోనూ దొరకదు. సినిమా తెలుగు మాత్రమే విన్న పిల్లలు ఆ ‘ఉండావు’ దగ్గర తికమక పడతారు. వాళ్ళను దిద్దకండి, అవ్వనూ దిద్దకండి.

సినిమాల విషయంలో ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఉన్నంతసేపు కళ్ళు చదువుతాయి, చెవి మాట మీద నిలవదు. ఒక్క సన్నివేశం సబ్‌టైటిల్‌తో చూపించి, అదే సన్నివేశం సబ్‌టైటిల్ లేకుండా మళ్ళీ వేయండి. పిల్లల ప్రొఫైల్‌లో ఆడియో భాష తెలుగుగా పెట్టి, ఆటోప్లే తీసేయండి. వేసవికి తిరుపతి పోతే అదే యాప్‌లో సినిమాల జాబితా మారిపోతుంది. హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి కాబట్టి అది టీవీ లోపం కాదు.

తిరుపతి గంగజాతర మే నెలలో వస్తుంది, అప్పటికి అమెరికాలో చాలా బడులకు సెలవులివ్వరు. బైరాగి వేషం, మాతంగి వేషం పిల్లలు తెర మీదే చూడాలి, ఏ వేషం ఎందుకో కాల్‌లో తాతే చెప్పాలి. బ్రహ్మోత్సవాల్లో సాయంత్రం 7 గంటల వాహన సేవ న్యూయార్క్ వైపు పొద్దున 9:30కి పడుతుంది. టీటీడీ చానల్ ఎస్వీబీసీలో ఆదివారం నాటి సేవ పిల్లలతో కూర్చుని చూడొచ్చు.

తిరుపతిలో ఎండాకాలం కరెంటు పోతుంది. ఇన్వర్టర్‌కు టీవీ ఒక్కటే కలిపితే లాభం లేదు, రౌటరూ ఫైబర్ డబ్బా కూడా దాని మీదే ఉండాలి. టీవీ 120 వాట్లు, ఫ్యాను 75, నెట్ పెట్టెలు 15, ల్యాప్‌టాప్ 50 అనుకుంటే, మంచి 150 ఏహెచ్ బ్యాటరీ నాలుగు గంటల పైన లాగుతుంది. ఉరుములు మొదలైతే టీవీ ప్లగ్గూ, బయటి నుంచి వచ్చే డిష్ తీగా రెండూ పీకేయమని చెప్పండి.

న్యూయార్క్ వైపు ఉండే మీరు అక్టోబరులో శనివారం పొద్దున 9 గంటలకు కాల్ పెట్టుకుంటే తిరుపతిలో సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి పోతాయి, ఆ తర్వాతి శనివారం అది 7:30 అవుతుంది. ముందు వారమే అవ్వకు చెప్పి, టీవీ పక్కన కేలండర్ మీద రాయించండి. లేకపోతే చెనక్కాయల చాట ముందు పెట్టుకొని గంటసేపు ఎదురు చూస్తుంది.